అపరాధ శబ్ద విచారము

కట్టుబాటు మీరుటను తెలుపు మాటలకు సంస్కృతమునందును తెలుగునందును కొదువ లేదు. అతిక్రమము, ఉల్లంఘనము, అపచారము, పాతకము, అపరాధము అను పదములు ధర్మశాస్త్రములందును, న్యాయస్థానములందును, ఇంటి మాటలందును ఒకదానికి బదులు మరియొకటిగా వాడబడుచున్నవి. నిత్యవ్యవహారమునకు దీనివలన కలుగు హాని లేదు. కాని ఈ మాటలన్నియు ఒక్క భావమును చెప్పుటకై పుట్టినవి కావు. ఒక్కొక్కదాని వెనుక ఒక్కొక్క చిత్రము కలదు. మానవుడు తాను చేసిన తప్పును ఏ చిత్రముతో తలంచుకొనునో దానిని బట్టియే అతని పశ్చాత్తాపమును, దిద్దుబాటును ఉండును. కావున ఆ చిత్రములను నిదానించి చూచుట పండితుల వినోదము మాత్రమే కాదు.

అతిక్రమమునందు అడుగు కలదు. ‘క్రమ్’ అనగా అడుగిడుట, ‘అతి’ అనగా ఆవలికి. నేలపై గీత గీయబడియున్నది. పాదము దానిని దాటినది. ఉల్లంఘనమునందు దుముకు కలదు. హనుమంతుడు సముద్రమును దాటుటయు లంఘనమే, దొంగ ప్రహరీగోడను దాటుటయు లంఘనమే. ఆ మాటకు స్వతః నింద లేదు. జ్వరమునకు పెద్దలు పెట్టించు లంఖణము గూడ దాని రూపాంతరమే. అపచారమనగా దారి తొలగి నడచుట. పాతకమనగా పడద్రోయునది. నడకయో, దుముకో, పాటో, ఇవన్నియు కాలికి సంబంధించిన మాటలు. అపరాధము మాత్రము కంటికిని చేతికిని సంబంధించినది. దాని వెనుక నున్నది విల్లు.

ఈ మాటకు మూలము ‘రాధ్’ అను ధాతువు. పాణినీయ ధాతుపాఠము దానికి ‘సంసిద్ధి’ అని అర్థము చెప్పుచున్నది. సంసిద్ధి యనగా ఒక పని తన తుదను చేరుట, పక్వమగుట, ఫలించుట. ‘అప’ అను ఉపసర్గ తొలగుటను తెలుపును. కావున అపరాధమనగా సిద్ధినుండి తొలగుట, చేరవలసిన చోటును చేరకపోవుట. ఈ అర్థము వ్యాకరణమునందు మాత్రమే దాగియున్నది కాదు. అమరసింహుడు తన కోశమున క్షత్రియవర్గమునందు విలుకాండ్రకు పేర్లు చెప్పుచు, లక్ష్యమునుండి బాణము జారినవానికి ‘అపరాద్ధపృషత్కుడు’ అను నామము నిచ్చినాడు. పృషత్కమనగా బాణము. ఈ విలుకాడు ఎవరి సొమ్మును హరించినవాడు కాడు, ఎవరి ఆజ్ఞను ధిక్కరించినవాడును కాడు. అతని బాణము గురి తప్పినది, అంతియే.

ఇదే ధాతువునకు ‘ఆ’ అను ఉపసర్గ చేరినచో ఆరాధనము పుట్టును. ‘ఆ’ దగ్గరకు తెచ్చును, ‘అప’ దూరమునకు తొలగించును. దేవాలయమున జరుగు ఆరాధనమును, న్యాయస్థానమున విచారింపబడు అపరాధమును ఒక్క తల్లి బిడ్డలనుట మొదట వింతగా తోచును. వ్రజమునందలి రాధ పేరును గూడ వైష్ణవాచార్యులు ఈ ధాతువుతోనే ముడివేసి చెప్పుదురు. భక్తుడు ఏ గమ్యమునకు తన్ను సమర్పించుకొనుచున్నాడో, అపరాధి ఆ గమ్యమునుండియే జారినవాడు. ఇద్దరికిని గమ్యము ఒక్కటియే.

తెలుగువానికి ఈ సంగతి ఎవరును నేర్పవలసిన పని లేదు. గురి తప్పినది, దారి తప్పినాడు, అదను తప్పినది, తాళము తప్పినది, మాట తప్పినాడు అని అతడు నిత్యము పలుకుచునే యున్నాడు. తిరునాళ్ల రద్దీలో తల్లి చేయి విడిచిన పసివాడు ‘తప్పిపోయినాడు’. అదే క్రియనుండి వచ్చిన నామము ‘తప్పు’. తమిళ కన్నడ మలయాళములందును ఈ మాట ఇట్లే చెల్లుచున్నది. పల్లెలలో కులపెద్దలు విధించు జరిమానాకును తప్పనియే పేరు; తప్పు కట్టుట యనిన జరిమానా చెల్లించుటయే. ఇంకను విశేషమేమనగా, విధిగా చేయవలసినదానిని చెప్పుటకు తెలుగువాడు ‘చేయక తప్పదు’ అనును. కర్తవ్యమనగా గురి తప్పరానిది అని ఆ నుడికారము సారాంశము.

ఈ చిత్రము భారతదేశమునకే చెందినదియు కాదు. గ్రీకు భాషలో ‘హమార్తియా’ అను పదమునకు మూలమైన క్రియను హోమరు మహాకవి తన ఇలియడ్ కావ్యమున, యోధుడు విసరిన ఈటె శత్రువునకు తగులక ప్రక్కకు పోవుటకు వాడినాడు. అరిస్టాటిల్ అదే పదముతో నాటకనాయకుని పతనమునకు హేతువైన పొరపాటును తెలిపినాడు. క్రైస్తవుల నూతన నిబంధనమున అదియే పాపమునకు పేరైనది. హీబ్రూ భాషయందును పాపము చేయుటకు వాడబడు ‘ఖాటా’ అను క్రియ మొదట గురి తప్పుటయే. పాత నిబంధనమున న్యాయాధిపతుల గ్రంథము 20వ అధ్యాయమున బెన్యామీను గోత్రమువారైన 700 మంది ఎడమచేతివాటము గల వీరుల ప్రస్తావన కలదు. వారు తలవెండ్రుకకు గురిపెట్టి వడిసెలరాయి విసరినను తప్పరట. అక్కడ ‘తప్పుట’కు వాడబడినది ఆ క్రియయే. ఒకరినొకరు ఎరుగని జాతులు దోషమునకు పేరు పెట్టవలసి వచ్చినపుడు వేటగాని అనుభవమునే ఆశ్రయించినవి.

గీత దాటుటకును గురి తప్పుటకును భేదము మిక్కిలి పెద్దది. గీతకు ఒక యజమాని ఉండును; అతడే దానిని గీచినవాడు. దాటినవాడు ద్రోహము చేసినది అతనికి. అతడు చూడనిచో, చూచియు దండింపనిచో, లెక్క సరిపోయినట్లే తోచును. గురి తప్పినవానికి ఈ ఓదార్పు లేదు. ఎవరు చూచినను చూడకున్నను తప్పినది తప్పినదే. మరియు, గీత దాటకుండుటకు కదలక కూర్చున్నను చాలును. గురికి అది చాలదు. బాణమే విడువని విలుకాడు తాను ఎన్నడును గురి తప్పలేదని చెప్పుకొనవచ్చును గాని, అతనిని గురికాడని ఎవరును మెచ్చుకొనరు. జీవితమంతయు ఒక్క నిషేధమునైనను మీరక, ఒక్క ఆర్తునికైనను చేయూతనీయక వెళ్లిపోయినవాడు అతిక్రమము లేనివాడే. అపరాధము లేనివాడు కాడు.

నేటి వాడుకలో ఈ మాట తన విల్లును మరచినది. గడువు దాటిన బాకీపై చెల్లించునది అపరాధ రుసుము. హంతకుని కనిపెట్టు కథలు అపరాధ పరిశోధక నవలలు. రెండింటను మిగిలినది గీతయు, దానికి కాపున్న భటుడును మాత్రమే.

గీతయు గురియు రెండును ఒక్కచో కలిసిన కథ రామాయణమున కలదు. రాముడు అడవికేగిన ఆరవనాటి అర్ధరాత్రమున దశరథుడు కౌసల్యతో తన యౌవనమునాటి సంగతి చెప్పుకొనుచున్నాడు. అప్పటికి ఆమెతో వివాహము కాలేదు, అతడు యువరాజు. వానకాలపు రాత్రి, సరయూ తీరము. నీరు త్రాగుటకు వచ్చు మృగమును చీకటిలో ధ్వనిని బట్టి కొట్టవలెనని అతని కోరిక. శబ్దవేధి యను కీర్తి యువకుని చెవులకు తీయగా నుండెను. నీటియందు కడవ మునుగు గుడగుడ ధ్వని ఏనుగు ఘీంకారమువలె వినబడినది. బాణము విడువబడినది. ఆ బాణము గురి తప్పలేదు. ధ్వని ఎచ్చటనుండి వచ్చినదో అచ్చటనే తగిలినది. వెంటనే వినబడినది మానవుని ఆక్రందనము.

పడియున్నవాడు జటావల్కలములు ధరించిన మునికుమారుడు. అతనికి తన చావుకంటె, గ్రుడ్డివారును వృద్ధులును అగు తల్లిదండ్రులు దాహముతో ఎదురుచూచుచున్నారనునదియే దుఃఖము. ఆ దుఃఖములోను అతడు చంపినవానికి ధైర్యము చెప్పినాడు: తాను బ్రాహ్మణుడను కాననియు, వైశ్యునకు శూద్రస్త్రీయందు పుట్టినవాడననియు, కావున బ్రహ్మహత్య కలుగునని భయపడవలదనియు. శాస్త్రనిషేధమును గూర్చి రాజు పడు భయమును గుర్తెరిగి ఉపశమింపజేసినవాడు ఆ బాణమునకు గురియైనవాడే. దశరథుడు గూడ ఈ మాటను తన చరమరాత్రమున మరువక చెప్పినాడు.

కాళిదాసు ఈ కథనే రఘువంశము 9వ సర్గమున చెప్పుచు, ఒక్కసారి ఆగి న్యాయము విచారించినాడు. అడవియేనుగును చంపుట రాజునకు నిషిద్ధము. దశరథుడు ఆ నిషేధమును దాటినాడు. అక్కడ కవి వాడిన క్రియ ‘లంఘ్’ ధాతువునకు చెందినదియే. శాస్త్రము చదివినవారును రజోగుణము కన్ను మూసినపుడు దారి కాని చోట అడుగిడుదురని అతని భావము. ఈ విచారము సరియైనదే. ఏనుగును చంపరాదను నియమమును పాటించియున్నచో బాణము విడువబడెడిది కాదు. నియమము కంటికి కనబడని ప్రాణమునకు గూడ కాపలా కాయుచుండెను. కాని నిషేధమను గీతను మాత్రమే చూచువానికి ఆ రాత్రి జరిగినదేమి? ఏనుగు చావలేదు గనుక నిషేధభంగము గూడ పూర్తి కాలేదనవలెను! గీతతో కొలుచు కొలతకు ఆ బాలుడు అందడు. అపరాధమను మాటకు అందును. చేయి తప్పలేదు, చెవి తప్పలేదు. గురి యని దేనిని ఎంచెనో ఆ ఎంపికయే తప్పినది. దశరథుడు తానే ఇందుకు ఉపమానము చెప్పినాడు: పూవుల అందము చూచి మోదుగకు నీరు పోయుచు మామిడితోపును నరికించినవాడు పండ్లవేళకు విలపించునట్లు తన గతియైనదని.

తరువాత అతడు చేసినది గమనింపదగినది. కడవ నింపుకొని ఆ వృద్ధుల కుటీరమునకు తానే పోయినాడు. అడుగుల చప్పుడు విని కొడుకే వచ్చెననుకొని తండ్రి ఆలస్యమేలయని అడిగినాడు. రాజు తన పేరు చెప్పి, తాను చేసినది చెప్పినాడు. ముని శపించెను, ఐనను, ఈ పనిని నీవే వచ్చి చెప్పకపోయినచో నీ తల వ్రక్కలై యుండెడిదని గూడ చెప్పినాడు. ఆ వృద్ధులను కుమారుని శరీరము వద్దకు చేయిపట్టి తీసికొనిపోయినవాడును దశరథుడే.

దశరథుడు గీతను దాటెను, గురియు తప్పెను. గీతను ఇసుమంతయు దాటకయే గురి తప్పినవాని కథ భారతము కర్ణపర్వమున కలదు. కౌశికుడను తపస్వి నదీసంగమమున నివసించుచు సత్యమే పలుకుదునని వ్రతము పట్టినవాడు. దొంగలకు వెరచి కొందరు అతని ఎదుటనే అడవిలో దూరిరి. దొంగలు వచ్చి, సత్యవాదివి గదా, వారెటు పోయిరో చెప్పుమనిరి. అతడు చెప్పినాడు. దొంగలు వారిని పట్టి చంపిరి. కౌశికుని వ్రతము భంగము కాలేదు. అతడు మాత్రము నరకమునకు పోయినాడు. సత్యము ప్రాణులకు ఆధారమగుటకై ఏర్పడినది. అతడు సత్యమనెడి వింటిని చక్కగా వంచి, బాణమును నిరపరాధుల మీదికి విడిచినాడు.

ఈ కథను శ్రీకృష్ణుడు చెప్పినది ఎవరికో తలంచుకొన్నచో మరింత సారస్యము కలదు. విన్నవాడు అర్జునుడు, గురి తప్పుట ఎరుగనివాడు. కర్ణుని చేతిలో గాయపడి శిబిరమున నున్న ధర్మరాజు బాధతో తమ్ముని నిందించి, గాండీవమును మరియొకరికి ఇమ్మనినాడు. అట్లు పలికినవానిని వధింతునని అర్జునునికి ఒక రహస్యవ్రతము కలదు. అతడు అన్నపై కత్తి దూసినాడు. ప్రతిజ్ఞను నిలుపుకొనుట ధర్మమే గదా! పెద్దలను సేవించి ధర్మసూక్ష్మమును నేర్చుకొననివాడు ఇట్లే చేయునని కృష్ణుడు మందలించినాడు. చివరకు మార్గము చూపినాడు: పూజ్యుని ‘నీవు’ అని ఏకవచనమున సంబోధించుటయే అతనిని చంపుట. ఇది కేవలము ఉపాయమని నవ్వువారు కలరు. ఏకవచనము విన్న తెలుగు పెద్దమనిషి ముఖమును చూచినవారు నవ్వరు.

ఇక గురి తప్పకుండ గీతను దాటినవాడును ఈ అర్జునుడే. ఆదిపర్వమున, ద్రౌపదితో ఒకరు ఏకాంతమున నుండగా మరియొక సోదరుడు ప్రవేశించినచో 12 ఏండ్లు వనవాసము చేయవలెనని అన్నదమ్ములు నారదుని ఎదుట కట్టుబాటు చేసికొనిరి. దొంగలు ఒక బ్రాహ్మణుని గోవులను తోలుకొనిపోగా అతడు వచ్చి మొరపెట్టినాడు. ఆయుధములు ధర్మరాజును ద్రౌపదియు నున్న గృహమున నుండెను. అర్జునుడు ఆలోచించి, లోనికి పోయి, విల్లు తీసికొని, గోవులను మరల్చి తెచ్చినాడు. తెచ్చినవెంటనే వనవాసమునకు సెలవడిగినాడు. తమ్ముడు అన్న యింట ప్రవేశించుట దోషము కాదని ధర్మరాజు వెసులుబాటు చూపినాడు. ధర్మమును సాకులతో ఆచరింపరాదని నీవే చెప్పితివిగదాయని అర్జునుడు ఆ వెసులుబాటును కాదనినాడు. నియమము తప్పుడుదని అతడు వాదింపలేదు. దానిని మీరవలసివచ్చెను, మీరినందుకు వెల చెల్లింపవలసియున్నది, రెండును నిజమే.

గురి ముఖ్యము, గీత దానికి సాధనమనిన వెంటనే ఒక ప్రమాదము పొంచియున్నది. స్వార్థము కొరకు కట్టుబాటు మీరువాడును తన గురి గొప్పదనియే చెప్పును. తన కంటికి తోచిన లక్ష్యము నిజమైనదేయని దశరథుడును నమ్మియుండెను గదా. మరి ఎవరికి ఈ అధికారము? ఈ ప్రశ్నకు మన కాలమునకు దగ్గరగా జరిగిన ఒక పరీక్ష కలదు. దానికి తెలుగువారు పెట్టిన పేరులోనే ఉల్లంఘనము కలదు: శాసనోల్లంఘనము.

1919 ఏప్రిలులో గాంధీ మహాత్ముని నిర్బంధించిన వార్త విని అహమ్మదాబాదు మొదలగు చోట్ల జనము హింసకు దిగినది. తరువాత నడియాదునందు ఆయన తన పొరపాటును హిమాలయములంతటిదిగా చెప్పుకొనెను. ఆ పొరపాటు ఏదియని ఆయన తన ఆత్మకథలో వివరించినాడు: శాసనములను శిక్షకు వెరచి కాక, తెలిసి, మనఃపూర్వకముగా పాటించుట అలవడనివారిని శాసనోల్లంఘనమునకు పిలిచితినని. ఏ నియమము న్యాయమో, ఏది అన్యాయమో తెలియు కన్ను నియమమును పాటించుటవలననే ఏర్పడునని ఆయన నిశ్చయము. గీతలను గౌరవించినవానికే గీతను దాటు అర్హత కలదనుట విడ్డూరముగా వినబడును. కాని ఏ విద్యయందైనను సంగతి ఇదియే. తాళము తెలిసిన గాయకుడు తాళమును విడిచి ఆలాపింపగలడు. తెలియనివాడు విడుచుటకు ఏమున్నది?

1922లో బారడోలీలో పన్నుల నిరాకరణమునకు సర్వము సిద్ధమైనది. మన గుంటూరు మండలమున పెదనందిపాడు ప్రాంతపు రైతులు అప్పటికే పన్ను కట్టుట మానియుండిరి. ఆ ఫిబ్రవరి 4వ తేదిన సంయుక్తరాష్ట్రములలో చౌరీచౌరా అను గ్రామమున జనము పోలీసుఠాణాను తగులబెట్టగా 20 మందికి పైగా పోలీసులు మరణించిరి. గాంధీ మహాత్ముడు దేశవ్యాప్తమైన ఉద్యమమునే నిలిపివేయించెను, 5 దినములు ఉపవసించెను. అనుచరులలో పెద్దలే ఆగ్రహించిరి. ఎక్కడో ఒక గ్రామమున జరిగినదానికి దేశమంతయు ఆగవలెనా యని వారి ప్రశ్న. లెక్కకు ఆ ప్రశ్న న్యాయమే. కాని బాణము ఎవరికి తగిలినదో చూచినవాడు మరల వెంటనే వింట బాణము తొడుగలేడు. ఉల్లంఘనమును ఆపి లంఘనమునకు పూనిన ఆ దినములను నాటి రాజకీయచరిత్ర ఒక విధముగను, ఈ మాటల చరిత్ర మరియొక విధముగను చదువును. తరువాత, మార్చి 18వ తేదిన అహమ్మదాబాదులో న్యాయమూర్తి బ్రూమ్‌ఫీల్డు ఎదుట ఆయన నేరము నంగీకరించి, న్యాయమూర్తి ఈ శాసనమును మంచిదని నమ్మినచో అత్యధికమైన శిక్షను విధింపుమని కోరెను. 6 ఏండ్ల కారాగారము విధింపబడినది. వెసులుబాటును కాదనిన అర్జునునికిని ఈయనకును నడుమ ఎన్ని యుగములున్నను, ఇద్దరును పలికినది ఒక్క భాషయే.

అంతిమమైన గురి ఏదియను ప్రశ్నకు ముండకోపనిషత్తు రెండవ ముండకము రెండవ ఖండమున సమాధానము వింటి భాషలోనే కలదు. ప్రణవము ధనుస్సు, జీవాత్మ బాణము, బ్రహ్మము లక్ష్యము. బాణమును ఉపాసనచే పదునుపెట్టవలెను. ఏమరుపాటు లేక కొట్టవలెను. తగిలిన బాణమువలె లక్ష్యముతో ఒక్కటియై పోవలెను. ఇచ్చట సాధకునకు విధింపబడిన ఏకైక నియమము ఏమరకుండుట. స్వామి వివేకానందులు 1896లో లండనునందు ఆచరణాత్మక వేదాంతమును బోధించుచు, పాపమను మాటకంటె పొరపాటను మాటయే వేదాంతమునకు సమ్మతమనియు, తన్ను పాపియనియు దుర్బలుడనియు ఎంచుకొనుట అన్నిటను పెద్ద పొరపాటనియు ఉపదేశించిరి. కొందరు దీనిని దోషమును తేలికచేయుటగా ఎంచిరి. విలుకానికి తెలియును, అది తేలికచేయుట కాదని. నీవు విలుకాడవే కావనుట సులభమైన తీర్పు. నీ బాణము జానెడు ప్రక్కకు పోయినదనుట కష్టమైన తీర్పు, ఏలయన మరల గురిపెట్టవలసియుండును.

ఇంటింట జరుగు పూజ చివర ఈ మాట నిత్యము వినబడుచునే యున్నది. హారతియైన పిదప గృహస్థు అక్షతలును నీరును విడుచుచు, పగలును రేయియు చేసిన వేలకొలది అపరాధములను క్షమింపుమని వేడుకొనును. ఆ వెంటనే మంత్రమునందును క్రియయందును భక్తియందును కలిగిన లోటు పరిపూర్ణమగుగాక యని ప్రార్థించును. ఆ వేలకొలది అపరాధములు హత్యలును చౌర్యములును కావు; లోట్లు. కోరునది దండన తప్పించుటను కాదు, పూర్తిచేయుటను. ‘రాధ్’ ధాతువు అర్థము ఎరుగకయే ఆ గృహస్థు దానిని సరిగా వాడుచున్నాడు.

ఐనను ఈ క్షమాపణతో అన్నియు తీరవు. బాణము గాలిలో పోయినచో దేవుని అడుగవచ్చును. మనుష్యునికి తగిలినచో ఆ మనుష్యునే అడుగవలెను. భాగవతము నవమస్కంధమున అంబరీషుని కథ ఇందుకు సాక్ష్యము. ఏకాదశీవ్రతము చేసిన రాజు ద్వాదశి గడువులోపల పారణ చేయవలెను. అతిథిగా వచ్చిన దుర్వాసుడు నదికి స్నానమునకు పోయి ఎంతకును రాడు. అతిథి భుజింపకముందు భుజించుట దోషము, గడువు దాటనిచ్చుటయు దోషము. పెద్దలనడిగి, భుజించినట్లును భుజింపనట్లును అగు నీటిచుక్కను రాజు పుచ్చుకొనినాడు. దుర్వాసునికి గీత దాటుటయే కనబడినది. అతడు కృత్యను పంపినాడు. సుదర్శనము దానిని దహించి ఋషిని తరిమినది. ఆయన బ్రహ్మలోకమునకు పోయెను, కైలాసమునకు పోయెను, వైకుంఠమున విష్ణుని పాదములపై పడెను. తాను భక్తులకు అధీనుడననియు, అంబరీషునే ఆశ్రయింపుమనియు విష్ణువు పంపివేసినాడు.

ఋషి తిరిగి వచ్చునప్పటికి ఒక సంవత్సరము గడచినది. అంతవరకు రాజు నీరు తప్ప ఏమియు పుచ్చుకొనలేదు. అతిథి ఇంకను భుజింపలేదు గదా. పాదములు పట్టబోయిన దుర్వాసుని జూచి సిగ్గుపడి, సుదర్శనమును శాంతింపుమని తానే వేడుకొనినాడు. పిదప ఋషిని కూర్చుండబెట్టి వడ్డించి, ఆయన తృప్తిగా భుజించి నీవును భుజింపుమనిన తరువాత, మిగిలినదానిని భుజించినాడు.